వెనక గోడకు వినిపించేలా

మా తరగతి గది ఎడమ గోడకు ఒక పెద్ద అట్ట వేలాడుతుంటుంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. ఉప్పుగాలికి అంచులు చివికిపోయినప్పుడల్లా కొత్త అట్ట తెచ్చి పాత మాటలే మళ్ళీ రాస్తాను. మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకు ఎడమ పక్కన నోరు విప్పే మాటలు, కుడి పక్కన నోరు మూసే మాటలు. పదకొండేళ్ళ పిల్లలు పెద్ద బడికి వెళ్ళడానికి రాసే పరీక్షలో ఇవి తప్పకుండా వస్తాయి. ఈ మాటకు వ్యతిరేకమైన మాట ఏది అని అడుగుతారు.

ఇంగ్లీషులో వీటికి కొదవ లేదు. నలుగురిలో చాటి చెప్పడం 'డిక్లేర్'. అన్యాయాన్ని ఎదిరించి మాట్లాడడం 'ప్రొటెస్ట్'. చూసింది చూసినట్టు ప్రమాణం చేసి చెప్పడం 'టెస్టిఫై'. కడుపులో దాగనిది కక్కేయడం 'బ్లర్ట్'. గీతకు అవతల గొణగడం, నసగడం, నీళ్ళు నమలడం, దాచడం, మింగేయడం, ఎదుటివాడిని ఊరుకోమనడం. ఒక్కోదానికీ ఒక్కో మాట ఉంది. ఎడమవైపు మాటకు సరిగ్గా ఎదురుగా కుడివైపు మాట. పిల్లలు వాటిని తూనికరాళ్ళను నమ్మినట్టు నమ్ముతారు. నేనూ అలాగే నమ్మాను. ఈ రెండేళ్ళుగా మాత్రం అట్ట వైపు తిరగకుండా పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను.

నా భర్త ఆల్బన్ 'లేడీ ఎనిడ్' అనే సరుకు పడవకు కెప్టెన్. ట్రినిడాడ్ నుంచి సిమెంటు తెచ్చేవాడు. రెండేళ్ళ క్రితం జనవరిలో, తిరుగు ప్రయాణంలో, గ్రెనడా దాటి మా కారియకూ దీవి కొండలు కనిపిస్తున్న చోట ఆ పడవ మునిగిపోయింది. ఆల్బన్ శవం మూడో రోజున దొరికింది. పడవలో ఉన్న రెండో మనిషి, ఇంజను చూసుకునే గార్విన్, సరుకు అర మీది చెక్క మూత పట్టుకుని తేలి బతికాడు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆల్బన్ వంటింటి గడప మీద కూర్చుని చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి.

"నీళ్ళు తోడే పంపు చచ్చింది ఇస్మే. రేవులో మాక్‌కి చెప్పాను."

మాక్లీష్ ఆ పడవ యజమాని. ఊరందరికీ మిస్టర్ మాక్.

"ఏమన్నాడు?"

"'బకెట్లు లేవా? భయమేస్తే చెప్పు, పడవ ఇంకొకడికిస్తా' అన్నాడు."

"ఎవరైనా విన్నారా?"

"గార్విన్ పక్కనే ఉన్నాడు. నేను వాణ్ణి చూశా, వాడు నన్ను చూశాడు. ఏం చేస్తాం, రేపు పొద్దున్నే తాడు విప్పుతాం."

నేను విన్నది ఒకరు చెప్పగా విన్నమాట. ఆ రేవులో నిలబడి చెవులారా విన్నవాడు, బతికి ఉన్నవాడు, గార్విన్ ఒక్కడే.

గార్విన్ నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నా తరగతిలో ఉన్నాడు. మాట పెదవి దాటేది కాదు. తల వంచి చొక్కా గుండీతో మాట్లాడేవాడు. బడి వదిలాక వాణ్ణి ఆవరణ చివర, సముద్రం ఒడ్డున నిలబెట్టి, నేను గదిలోకి వెళ్ళి వెనక గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. కొండ మీంచి దిగే గాలి వాడి మాటను సముద్రంలోకి లాక్కుపోయేది. "గాలికి ఎదురుగా చెప్పు గార్విన్. వెనక గోడకు వినిపించాలి" అని అరిచేదాన్ని. మూడు నెలలు పట్టింది. ఆ ఏడు బహుమతుల రోజున పద్యం వాడే అప్పజెప్పాడు. వాళ్ళమ్మ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఆఖరి వరుసలో నిలబడి విన్నది.

పడవ ఎందుకు మునిగిందో తేల్చే విచారణ గ్రెనడాలో పెట్టారు. దానికి వారం ముందు గార్విన్ మా వంటింట్లో కూర్చుని కందుల పులుసు తిన్నాడు.

"టీచర్, నేను చెప్తాను. రేవులో ఏం జరిగిందో మొత్తం చెప్తాను."

"ఏం చెప్పాలో నేను చెప్పను గార్విన్. ఎలా చెప్పాలో నీకు తెలుసు."

"వెనక గోడకు వినిపించాలి, అంతేగా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆల్బన్ పోయాక నవ్వడం అదే మొదటిసారి.

విచారణ గదిలో వాడు నిటారుగా నిలబడ్డాడు. గుండీ వైపు చూడలేదు. పంపు బాగానే ఉందని కెప్టెనే తనతో అన్నాడని, ట్రినిడాడ్‌లో బయల్దేరే ముందు కెప్టెన్ రమ్ము తాగాడని చెప్పాడు. ఒక్క అక్షరం కూడా మింగలేదు. వాక్యం చివర గొంతు జారలేదు. నేను చిట్టచివరి బల్ల మీద కూర్చుని ఉన్నాను. ప్రతి మాటా వినిపించింది.

ఆల్బన్ రమ్ము ముట్టి అప్పటికి పదకొండేళ్ళు.

నా అట్ట ప్రకారం ఆ రోజు గార్విన్ చేసిన పని ఎడమవైపుది. ప్రమాణం చేశాడు, నలుగురిలో నిలబడ్డాడు, స్పష్టంగా చెప్పాడు. దానికి ఎదురుగా కుడివైపు ఏ మాట రాయాలో నాకు తెలియలేదు.

విచారణ చేస్తున్న పెద్దమనిషి తల ఎత్తి, "చనిపోయినవారి కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగాడు. నేను లేవబోయాను. పక్కన కూర్చున్న ఫిలో వదిన నా మణికట్టు పట్టుకుంది. ఫిలో వదిన ఆల్బన్‌కి సొంత అక్క; ఊళ్ళో మిగతావాళ్ళకు టాంటీ ఫిలో, అంటే ఫిలో అత్త. "వద్దే ఇస్మే. ఇప్పుడు నీ గొంతు నిలవదు" అంది. పట్టు చాలా గట్టిగా ఉంది. ఓదారుస్తోంది అనుకుని కూర్చుండిపోయాను. తప్పు కెప్టెన్‌దని కాగితం మీద పడింది.

నెల తిరక్కుండానే గార్విన్ మాక్ కొత్త పడవలో ఇంజను గదికి పెద్ద అయ్యాడు. దారిలో నేను ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళేవాడు. నేను పిలవలేదు.

వదిన ఇల్లూ నా ఇల్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. వాన నీళ్ళు పట్టే తొట్టి ఇద్దరికీ ఒక్కటే. ఆల్బన్ పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ తొట్టి గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఆమె తమ్ముడి చిన్నప్పటి కబుర్లు చెప్పేది. చెప్పినవే చెప్పేది. నాకు విసుగు రాలేదు. ఆయన్ని నాతో సమానంగా పోగొట్టుకున్న మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే.

ఈ ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం ఆ గట్టు మీదే అంది.

"ఆల్బన్ కలలోకొచ్చాడు ఇస్మే."

"నీకా?"

"గార్విన్‌కి."

నేను కందికాయలు వలుస్తున్నాను. చేట పక్కన పెట్టాను.

పోయినవాళ్ళు ఎవరి కలలోకి రావాలో వాళ్ళ ఇష్టం. వచ్చి ఏం అడిగారో, ఆ కల కన్నవాడు ఇంటివాళ్ళకు చెప్పి తీరాలి. కలను మింగితే కడుపులో కుళ్ళుతుందంటారు మా ఊళ్ళో. కల చెప్పాక ఇంటివాళ్ళు సమాధి రాయి చేయించి విందు పెట్టాలి. రాయిని సమాధికి తీసుకెళ్ళే ముందు ఇంట్లో పడుకోబెట్టి, దాని మీద నీళ్ళూ రమ్మూ పోసి, పోయినవాడితో మాట్లాడాలి. మొదట పోసేవాడు కల కన్నవాడే.

"ఏమన్నాడట?" అని అడిగాను.

"చల్లగా ఉన్నాడట. రాయి వేయమన్నాడట. గొర్రెని కోసి, మొక్కజొన్న సంకటి ఉండలు చుట్టి, జాక్ ఐరన్ రమ్ము పోయమన్నాడట."

"రమ్మా?"

"ఊఁ."

"పదకొండేళ్ళు ముట్టనివాడు రమ్ము అడిగాడా?"

"రెండేళ్ళు ఉప్పునీళ్ళు తాగినవాడు కదే, దాహమేసిందేమో." వదిన నవ్వింది.

నేను నవ్వలేదు. "వాడు నా ఇంట్లో అడుగు పెట్టాలా వదినా?"

"వాణ్ణి చూడకే. వాడి నోట్లోంచి వచ్చేది మన ఆల్బన్ మాట. ఉత్తరం తెచ్చినవాడి మొహం ఎవరు చూస్తారు?"

చివరికి సరేనన్నాను. నవంబరు ఆఖరి శనివారం అనుకున్నాం. రాయి పని వదిన చూసుకుంటానంది. పేరుకు ముందు 'కెప్టెన్' అని చెక్కించమని మాత్రం అడిగాను. కాగితం మీద ఏం పడినా సరే, ఆ ఒక్క మాట రాయి మీద ఉండాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

రాయి గ్రెనడా నుంచి మాక్ పడవలోనే వచ్చింది. వేరే పడవ దొరకలేదంది వదిన. వదిన కొడుకు కెల్లన్ సెప్టెంబరు నుంచి ఆ పడవ మీదే పని చేస్తున్నాడు కాబట్టి జాగ్రత్తగా దించాడు. గుడ్డ విప్పి చూశాను. ఆల్బన్ లెండోర్ అని ఉంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. కెప్టెన్ లేదు.

"చోటు చాల్లేదన్నాడే మేస్త్రీ" అంది వదిన.

పేరు పైన జానెడు ఖాళీ ఉంది. నేను గుడ్డ కప్పేశాను.

అక్టోబరులో తరగతికి ఒక పని ఇచ్చాను. అట్ట మీద నుంచి ఐదు మాటలు తీసుకుని ఒక్కోదానికి ఒక వాక్యం రాయాలి. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకూడదు, మీ ఇంట్లో మీరు చూసింది రాయాలి అన్నాను. ఏటా చెప్పే మాటే.

గార్విన్ కూతురు షెర్నెల్ మొదటి బల్ల మీద కూర్చుంటుంది. తండ్రి పోలిక ఒక్కటీ లేదు. ఊరంతా వినిపించేలా మాట్లాడుతుంది. ఆ పిల్ల పుస్తకంలో 'బ్లర్ట్' అనే మాట కింద ఇలా ఉంది: మా నాన్న నిద్రలో కక్కేస్తాడు, పంపు చచ్చిందని చెప్పావు కదా కెప్టెన్ నేను విన్నాను కదా అని. దాని కింద ఎదురు మాటకు: అమ్మ నాన్న నోటి మీద చెయ్యి పెడుతుంది, నన్ను కూడా ఎవరితో అనొద్దంది.

ఎర్ర కలం నా చేతిలోనే ఉంది. కెప్టెన్ అన్న మాట తర్వాత కామా లేదు. కామా పెట్టాను.

ఆ పుస్తకం తీసుకుని తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళవచ్చు. ఊరి పెద్దలకు చూపించవచ్చు. మాక్ ఇంటి మెట్ల మీద నిలబడి చదవవచ్చు. గార్విన్ విచారణలోనే కాదు, కల విషయంలో కూడా అబద్ధం చెప్పాడని నాకు అప్పుడు అర్థమైంది. ఆల్బన్ వాడి కలలోకి వచ్చింది పంపు మాటకే; గొర్రెను అడగలేదు, రమ్ము అడగలేదు. మా ఊళ్ళో ఎంత చెడ్డవాడైనా చచ్చినవాడి మాట మార్చి చెప్పడు. వీడు ఆ పనికి కూడా తెగించాడు.

కానీ అది ఒక పిల్ల తన టీచరును నమ్మి రాసిన వాక్యం. నేను అడిగాను కాబట్టి రాసింది. దాన్ని ఆయుధం చేసి తండ్రి మీదికి ఎత్తితే ఆ పిల్ల బతికున్నంత కాలం మళ్ళీ నిజమైన వాక్యం రాయదు. మర్నాడు పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

"టీచర్, తప్పుందా?"

"లేదు. కామా ఒక్కటే."

"మార్కులెన్ని?"

"పదికి పది."

"కామా లేకపోయినా?"

"లేకపోయినా."

శనివారం పొద్దున్నే ఆవరణలో పొయ్యిలు వెలిగాయి. ఆడవాళ్ళు పెద్ద తెడ్లతో సంకటి తిప్పుతున్నారు. గొర్రె మాంసం వాసన రోడ్డు దాకా వెళ్ళింది. ముందు గదిలో, తెల్ల దుప్పటి మీద, రాయిని పడుకోబెట్టాం. మా వైపు విందులన్నీ నడిపించేది న్యూటన్ తాత. ఎనభై నాలుగేళ్ళవాడు. కుర్చీలో కూర్చుని, కర్రతో వచ్చినవాళ్ళ కాళ్ళ మీద తడుతూ పలకరిస్తున్నాడు.

గార్విన్ గుమ్మం దగ్గర ఆగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. షెర్నెల్ తండ్రి చెయ్యి పట్టుకుని ఉంది.

"రారా గార్విన్," అన్నాడు తాత. "మాక్ కొత్త పడవెక్కాక నేల మీద కూడా ఊగుతున్నావే! ఇంజను లోపల పెట్టించుకున్నావా ఏంటి?"

గది నవ్వింది. గార్విన్ నవ్వలేదు. నా వైపు చూసి, "టీచర్" అన్నాడు. నేను తల ఊపాను.

తాత కర్రతో నేల మీద కొట్టాడు. "వినండర్రా. చేతిలో గ్లాసున్నవాడే ఇక్కడ రాజు. వాడు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తినవాడికి మాంసంలో ఎముకలే పడతాయి. మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రాయికి చెవుడు. కల కన్నవాడు ముందుకు రా."

"మొదట నేను పోస్తాను తాతా" అన్నాను.

"వాడుక కాదమ్మా."

"తెలుసు."

గుమ్మంలో రమ్ము గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వదిన, "ఇస్మే, చేసేది సరిగ్గా చెయ్యనీవే. ఆచారం చెడగొట్టకు" అంది.

"ఇది ఆయన ఇల్లు వదినా. ఆయన భార్యను నేను."

తాత నీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

ఇరవై రెండేళ్ళు పిల్లలకు గొంతు పెంచమని చెప్పినదాన్ని. నా గొంతు ఎలా వస్తుందో నాకు తెలియదు. బొంగురుగా వచ్చింది.

"ఆల్బన్, పంపు చచ్చిందని రేవులో మాక్‌కి చెప్పానని నువ్వు గడప మీద కూర్చుని నాతో అన్నావు. ఆ మాట నేను ఎక్కడా చెప్పలేదు. గ్రెనడాలో అడిగారు. లేవబోయి ఆగిపోయాను. నా మాట ఎవరు నమ్ముతారులే అని కూర్చున్నాను. నువ్వు తాగి పడవ ముంచావని రెండేళ్ళుగా అందరూ అంటుంటే విని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను. ఆలస్యమైంది."

నీళ్ళు పోశాను. రాయి మీద పేరు నల్లబడింది. గ్లాసు నింపి గార్విన్‌కి ఇచ్చాను.

వాడు తీసుకున్నాడు. తల వంగిపోయింది. చూపు చొక్కా గుండీ మీద ఆగింది. పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు.

"వినిపించడం లేదు గార్విన్" అన్నాను. ఆ తర్వాతి మాట అనాలని నేను అనుకోలేదు. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చింది. "వెనక గోడకు."

వాడు తల ఎత్తాడు.

"కెప్టెన్, రేవులో నువ్వు చెప్పింది నేను విన్నాను. పంపు చచ్చిందన్నావు. మాక్ బకెట్లు లేవా అన్నాడు. అదీ విన్నాను. నువ్వు తాగలేదు. పడవ మునుగుతుంటే ఆ చెక్క మూత నువ్వే నాకు తోశావు. గ్రెనడాలో నేను చెప్పిందంతా అబద్ధం. మాక్ నాకు ఇంజను గది ఇస్తానన్నాడు, తీసుకున్నాను."

బయట తెడ్ల చప్పుడు ఆగింది.

"నువ్వు తడి బట్టలతో కలలోకి వచ్చావు కెప్టెన్. చేతిలో పంపు పిడి ఉంది. 'ఇస్మేకి చెప్పు' అన్నావు. ఇంకేమీ అనలేదు. నేను మింగలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చాను. టీచర్ మొహం చూసే ధైర్యం లేక టాంటీ ఫిలోకి చెప్పాను. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను. టీచర్‌కి నేను చెప్తాలే, నువ్వెళ్ళు అంది. వెళ్ళాను. నాలుగు నెలలుగా టీచర్ నన్ను తిడుతుందని ఎదురు చూస్తున్నాను. తిట్టలేదు. తెలిసి కూడా తిట్టడం లేదనుకున్నాను."

నేను గుమ్మం వైపు చూశాను. వదిన చేతిలో గ్లాసుల పళ్ళెం అలాగే ఉంది. ఆమె అబద్ధం అనలేదు. నా వైపు చూడలేదు. గ్లాసుల్ని చూస్తూ ఉంది.

"పొయ్యరా," అన్నాడు తాత నెమ్మదిగా. "గ్లాసు ఖాళీ చెయ్యి."

గార్విన్ పోశాడు. రమ్ము తీసుకోబోతే నేను ఆపాను. "నీళ్ళు చాలు" అన్నాను. తాత కర్ర ఊతంగా వంగి రాయిని తడిమి, "ఈ పైన జానెడు చోటుందే! మేస్త్రీకి చెప్పండి, కెప్టెన్ అన్న మాట ఇక్కడ హాయిగా పడుతుంది" అన్నాడు. తర్వాత గార్విన్ వైపు తిరిగి, "సోమవారం నుంచి ఏం చేస్తావురా?" అన్నాడు.

"వల ఉంది తాతా."

"ఇంజను లేకుండానా? నీ చేతులు చూస్తే తెడ్డే భయపడుతుంది."

ఎవరో నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నీళ్ళు పోశారు. అందరూ కెప్టెన్ అనే పిలిచారు. రెండేళ్ళుగా ఆయన పేరెత్తితే చూపు తిప్పుకున్నవాళ్ళు కూడా అలాగే పిలిచారు. నేను కోరుకున్నది అదే. వింటూ నిలబడ్డాను. కానీ నా మనసు ఆ గదిలో లేదు. తొట్టి గట్టు మీద ఉంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎన్ని సాయంత్రాలు అక్కడ కూర్చున్నామో తలుచుకుంటోంది.

పోసేది అయ్యాక పోయినవాడికి పళ్ళెం పెట్టాలి. వండిన ప్రతిదీ కొంచెం కొంచెం తీసి, తెల్లగుడ్డ కప్పి, రాయి దగ్గర పెట్టి, తలుపు వేసి, కాసేపు ఆయన్ని ఒంటరిగా తిననివ్వాలి. పళ్ళెం పట్టుకెళ్ళేది ఇంటి ఆడపడుచు. వంటింట్లో నేను వడ్డిస్తుంటే వదిన వచ్చి నిలబడింది.

"కెల్లన్ ఏడాదిగా ఖాళీగా తిరిగాడే ఇస్మే. నీకు తెలుసు."

నేను సంకటి ఉండ పెట్టాను.

"మాక్‌ని నేనేమీ అడగలేదు. వాడే అన్నాడు. విందు గొడవ లేకుండా చేసుకో ఫిలో, కుర్రాణ్ణి పంపించు అన్నాడు. అంతే."

"ఎప్పుడు?"

"ఆగస్టులో."

"గార్విన్ నీకు కల చెప్పకముందా? చెప్పాకా?"

ఆమె నడుముకున్న గుడ్డ సర్దుకుంది. కందులు వేశాను. మాంసం వేశాను.

"చెప్పాక నువ్వే వెళ్ళావు మాక్ దగ్గరికి."

"ఉన్నవాళ్ళు బతకాలి కదే. పోయినవాడు ఎలాగూ పోయాడు. కాగితం మీద పడ్డది చెరిగిపోతుందా? నీకు చెప్తే ఏం చేస్తావు? ఏడుస్తావు. మళ్ళీ ఏడవడమెందుకులే అనుకున్నా."

"గొర్రె, రమ్ము?"

"చచ్చినవాడు ఏదో ఒకటి అడగాలి కదే!" అని, అన్నాక తనే భయపడినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తిట్టవే ఇస్మే. ఒక్క మాటైనా అను. నువ్విలా ఉంటే నేను తట్టుకోలేను."

నా మణికట్టు పట్టుకుంది. గ్రెనడాలో పట్టుకున్న చోటే. ఆ రోజు ఆమెకు ఏం తెలుసో, ఎందుకు పట్టుకుందో ఇక నేను ఎప్పటికీ అడగను. ఏం చెప్పినా నమ్మలేను కాబట్టి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చల్లారిపోతుంది. పళ్ళెం తీసుకెళ్ళు వదినా."

తీసుకెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది, ఆమె మాత్రం బయటికి రాలేదు. నేను బకెట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాను. కడగాల్సిన గిన్నెలు చాలా ఉన్నాయి. గట్టు మీద షెర్నెల్ ఒక్కతే కూర్చుని సంకటి ఉండ తింటోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. అది వదిన కూర్చునే చోటు.

"టీచర్, మా నాన్న చెప్పింది వినిపించిందా?"

"వినిపించింది."

"వెనక గోడ దాకా?"

"అంతదాకా."

పిల్ల తృప్తిగా తల ఊపి మళ్ళీ తినసాగింది.

ముందు గదిలోంచి వదిన గొంతు వస్తోంది. మూసిన తలుపు, ఆవరణ, పొయ్యిల దగ్గర ఆడవాళ్ళ మాటలు, అన్నీ దాటుకుని వస్తోంది. తమ్ముడికి అన్నీ చెప్తోంది. మాక్ ఇంటి మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో, మేస్త్రీతో ఏమందో, సాయంత్రాలు నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి మింగేసిందో చెప్తోంది. ఏడుస్తోంది, కానీ మాట ఎక్కడా తెగడం లేదు. నాతో చెప్పాల్సిన మాటలన్నీ రాయితో చెప్తోంది.

షెర్నెల్ తినడం ఆపి అటు చూసింది. "టాంటీ ఫిలో ఏమంటోంది టీచర్?"

నేను బకెట్టు తొట్టిలోకి వదిలాను. అది నీళ్ళను గట్టిగా కొట్టింది. ఆ చప్పుడు తొట్టి గోడల మధ్య తిరుగుతున్నంతసేపూ ఇంకేమీ వినిపించలేదు.